పన్నెండు గొంతుల బరువు

చిటుక్కుమంది. ఒక లిప్త ఆగి మళ్ళీ చిటుక్కు, చిటుక్కు. వేడి పెనం మీద నీటిచుక్కలు పడినట్టు, ఎవరో దాపున కూర్చుని ఎండుపుల్లలు విరుస్తున్నట్టు.

వదిన పాదం కుట్టుమిషను తొక్కుడుపలక మీద ఆగింది. తెల్లచొక్కా కాలరులో దిగిన సూది దిగినట్టే నిలిచింది. మొదట ఆమె తన మిషనునే అనుమానించింది. బాబిన్ తీసి చూసింది, దారం సాఫీగా ఉంది. సూది పైకెత్తి చూసింది, మొన సూటిగా ఉంది. మిషను ఆగినా చిటుకులు మాత్రం ఆగలేదు. మూసిన తలుపు కింది సందులోంచి, పాటతో పాటు పాకుతూ వస్తున్నాయి.

"వదినా, మిషను ఆపావా?" తలుపు అవతలినుంచి మరిది కేక.

"ఎప్పుడో ఆపాను. నీ గదిలోనే ఎవరో మెటికలు విరుస్తున్నారు, చూసుకో."

తలుపు తెరుచుకుంది. మెడకు హెడ్‌ఫోన్లు, నుదుట చెమట, చేతిలో ఆమె చేతిరుమాలు. "అది తర్వాత చూద్దాం. ముందు నువ్వు రా. పన్నెండో ఆవిడ మిగిలిపోయింది."

ఆ గది పడకగదిగా పుట్టి పాటలగదిగా పెరిగింది. బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉంటాయి, చీరలూ దుప్పట్లూ చప్పుడును మింగుతాయని. కిటికీకి బొంత వేలాడుతుంది. గోడగడియారం టిక్కుటిక్కుమంటుందని దాన్ని వంటింటికి వెలివేశారు. బల్లమీద కంప్యూటరు, దాని పక్కన చిన్న కీబోర్డు, ఎదురుగా ఇనపకాడకు మైకు. మరిది పొద్దున్న బడిలో పిల్లలకు సరిగమలు చెప్పి వచ్చి, మధ్యాహ్నం వీధి సద్దుమణిగే వేళకు ఈ గదిలో చేరతాడు. అతను రికార్డింగు మొదలుపెడితే ఇంట్లో ఫ్యాను ఆగాలి, కొళాయి ఆగాలి, కుట్టుమిషనూ ఆగాలి.

ఇప్పుడతను చేస్తున్నది ఒక చిన్న సినిమాకు చివరిపాట. సాయంత్రం బట్టలమిల్లు వదిలాక ఆడవాళ్ళందరూ కలిసి ఇళ్ళకు నడిచిపోతారు, వాళ్ళు కనుమరుగయ్యేదాకా పాట నడవాలి. దర్శకురాలు చెప్పింది ఒక్కటే మాట: "పెద్దగా ఉండాలి." అంతమంది ఆడవాళ్ళను ఎక్కడినుంచి తెస్తాడు? అందుకని వదిననే పన్నెండుమందిని చేశాడు.

గాజులు తీసి బల్లమీద పెట్టి, ఆమె బీరువాకు వీపానించి నిలబడింది. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క చోటు, ఒక్కొక్క తీరు. ముక్కు పట్టుకుని పాడితే జలుబావిడ. దవడ వదులుచేసి పాడితే పెద్దావిడ. తాళానికి ఒక వెంట్రుకవాసి ముందుగా అందుకుంటే తొందరావిడ. పెదవుల మీద నవ్వు నిలిపి పాడితే నవ్వావిడ. తెరమీద ఒక్కో వరసకు ఆ పేర్లే టైపుచేసి పెట్టుకున్నాడతను.

"ఈవిడెవరు?" అంది ఆమె రుమాలు అందుకుంటూ.

"రోజంతా దారాలు కొరికి పెదవులు అలిసిపోయినావిడ. రుమాలు మడిచి నోటికి అడ్డం పెట్టుకో. నీ గొంతులా వినపడకూడదు వదినా, అదొక్కటే చూసుకో."

అతను వేలెత్తాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

*దారి తెలిసిన కాళ్ళకు దీపమెందుకే,*
*ఇల్లు చేరే పాటకు తాళమెందుకే...*

రెండే పాదాలు. పాడి, శ్వాస కూడా వినపడకుండా ఆగి, అతను వేలు దించాక రుమాలు తీసింది. అంతా కలిపి వినిపించాడు. ముందు అతను కీబోర్డు మీద వాయించిన వయొలిన్లు మంచులా పరుచుకున్నాయి. వాటి వెనకనుంచి ఆడవాళ్ళ గుంపొకటి నడిచి వచ్చింది. తను ఒక్కతే అంత వీధి నిండిందా అని ఆమె ఒళ్ళు ఝల్లుమంది. వయొలిన్లు పైకి లేచిన చోట, చిటుక్కు. మళ్ళీ చిటుక్కు. పాట ఒక్కసారి గుటక మింగి ఆగిపోయింది.

"ఇదీ వరస," అన్నాడు మరిది కుర్చీలో జారబడి. "మెమరీ చాలడం లేదు. దీనికున్నది ఎనిమిది జీబీ. మా పనికి పదహారైనా ఉండాలంటారు."

"అయితే ఇంకో ఎనిమిది తెచ్చి అతుకెయ్యి."

"వీల్లేదు. ఈ మోడల్లో చిప్పులు బోర్డుకే అంటించి పంపారు. షాపాయన మూత తీసి చూపించాడు కూడా."

"అంటే వదులు చేసుకోడానికి లోపల గుడ్డ వదలకుండా కుట్టేశారన్నమాట."

"అచ్చం అంతే." అతను నవ్వాడుగానీ నవ్వు మొహం దాకా రాలేదు. "శుక్రవారం పొద్దున్నకల్లా పంపాలి వదినా. పేర్లు కూడా అడిగితే పంపేశాను. 'గానం: బృందం' అని పెట్టాను. బాగుంది కదా?"

"బాగుంది," అంది ఆమె, గాజులు ఒక్కొక్కటీ ఎక్కించుకుంటూ. బాగుందనే అనిపించింది. తన గొంతు ఆ గది గడప దాటి ఒక తెరమీదికి, తనను ఎరగని మనుషుల చెవుల్లోకి పోతోంది. అది ఏ పేరుతో పోతే ఏం?

ఆమె భర్త, మరిదికి అన్నయ్య, డ్యూటీ దిగి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. గ్రీజు వదలడానికి సబ్బుపొడితో మోచేతుల దాకా రుద్దుకోవడం అతని సాయంకాలపు తంతు. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని తన గోడు చెప్పుకుంటుంటే రుద్దుకుంటూనే విన్నాడు.

"ఏరా మాస్టారూ, ఎనిమిదిమంది ఎక్కే లిఫ్టులో పన్నెండుమందిని తోస్తే అది మొరాయించదూ?"

"అదే నేనూ అనుకుంటున్నానన్నయ్యా. వయొలిన్లు ఒక్క వరస. గొంతులు పన్నెండు వరసలు. తెరమీద చూస్తే గొంతులే కిందిదాకా బారులు తీరి ఉన్నాయి."

"మరింకేం, కొందరిని దింపెయ్యి. మీ వదినకేం, ఒక్కతే ఇంత గోల చేయగలదు, పన్నెండుమంది దేనికి?"

"మీరు చేతులు కడుక్కోండి, చాలు," అంది ఆమె వంటింట్లోంచి. గొంతులో నవ్వే ఉంది. గిన్నెమీద మూత మాత్రం అవసరం కన్నా గట్టిగా పడింది.

మర్నాడు మధ్యాహ్నం మరిది ఆమెను పిలిచాడు. చెవికి ఇంకొకరు తోడుంటే నయం అన్నాడు. ఆమె ఒళ్ళో నిక్కరు పెట్టుకుని అంచు మడిచి చేతికుట్టు వేస్తూ కూర్చుంది. బడి తెరిచే రోజులు. యూనిఫాంల మూట గది మూలదాకా పెరిగి ఉంది.

"ముందు జలుబావిడను తీస్తున్నా," అన్నాడు, డాక్టరు చెప్పినట్టు మెల్లిగా.

ఒక మీట నొక్కాడు. తెరమీంచి ఒక వరస మాయమైంది. పాట వినిపించాడు. అదే చోట, అదే చిటుకు.

"తొందరావిడా, ఏమనుకోకు."

ఆవిడ పోయింది. చిటుకు పోలేదు. తర్వాత పెద్దావిడ. తర్వాత, కాసేపు వేలు తటపటాయించి, నవ్వావిడ. ఒక్కొక్కరిని తీసినప్పుడల్లా అతను "ఇప్పుడు?" అనేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఆమె చూపు మాత్రం వరసల మీద లేదు. తెర పైమూలన వేలెడు పొడవు గీత ఒకటుంది, మొదలంతా పచ్చగా ఉండి చివరికి ఎర్రబడి.

"ఆ గీతేమిటి?"

"అదే మెమరీ. చూశావా, ఎర్రగా నిండిపోయి ఉంది. అందుకే ఈ తిప్పలు."

రుమాలావిడ, ఆమె వెనక ఇంకొందరూ పోయారు. నాలుగు గొంతులు మిగిలాయి, అవి రెండయ్యాయి, రెండు ఒకటయింది. ఆ ఒక్కటీ ఆమెది, ఏ వేషమూ వేయనిది, మొట్టమొదట దారి చూపడానికి పాడించుకున్నది. ఇంత గదిలో, అన్ని వయొలిన్ల కింద, బస్సు తప్పిపోయిన మనిషిలా ఒంటరిగా వినిపించింది.

"ఇదొక్కటే ఉంటే బావుండదు వదినా. వెలితిగా ఉంది. ఉంటే అందరూ ఉండాలి, లేదంటే..." అతను ఆమెవైపు చూడలేదు. "వయొలిన్లతోనే పోనిద్దాం. పెద్దగా ఉండాలన్నారు కదా మేడమ్."

"నీ పాట, నీ ఇష్టం."

ఆ చివరి వరస కూడా పోయింది. చోటు మిగులుతుందనే ఆశతో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాడు. కాగితం నలిపినట్టు చిన్న చప్పుడొకటి చేసి కంప్యూటరు ఊరుకుంది. మళ్ళీ వినిపించాడు. వయొలిన్లు లేచాయి. చిటుక్కు.

"ఇంకా లోపలెక్కడో పాతవి పట్టుకుని ఉంటాయి. ఆపి మళ్ళీ పెడితే సర్దుకుంటుందిలే," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఆమె నిక్కరు మడిచి లేచింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది. గీత అక్కడే ఉంది. పన్నెండుమంది దిగిపోయినా అది ఇసుమంతైనా వెనక్కి జరగలేదు.

మిషను ముందు కూర్చుని ఆమె చొక్కా జేబు అతికించింది. అంచు కలిపింది, మూలలు తిప్పింది, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంపింది. ఎత్తి చూస్తే జేబు తలకిందులుగా ఉంది. ఇన్నేళ్ళ కుట్టుపనిలో జరగని తప్పు. బ్లేడుతో కుట్టు విప్పుతూ ఉంటే ఆ కదలని గీతే కళ్ళకు కట్టింది. తీసినా కదల్లేదు. అంటే తన గొంతుకు బరువే లేదు. ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఒక దారం వచ్చింది, ఇంకో దారం తెగింది. జేబు ఊడి చేతిలోకొచ్చింది. అప్పుడు అదే మాట రెండోవైపు తిరిగి ఆమెకు కనిపించింది. బరువే లేనిదాన్ని బరువని ఎందుకు దింపినట్టు?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. మరిది మెతుకులు కెలుకుతున్నాడు.

"ఏమండీ," అంది ఆమె భర్త కంచంలో వడ్డిస్తూ, "మీ లిఫ్టులో పన్నెండుమంది దిగిపోయాక కూడా అది కదలనని కూర్చుంటే ఏమంటారు?"

"ఇంకా ఎవరో లోపలున్నారంటాం."

"ఒక్కరే ఉన్నారు."

"ఆ ఒక్కరూ ఇనపబీరువా నెత్తిన పెట్టుకుని ఎక్కారేమో! లిఫ్టుకు తలలతో పనేముందోయ్? దానికి కావలసింది బరువు. మనుషుల లెక్క బోర్డుమీద మనకోసం రాస్తాం, దానికి చదువొచ్చా?"

"నిన్న ఎనిమిదిమంది, పన్నెండుమంది అన్నది మీరే."

"నిన్న ఆకలిమీదున్నాను."

మరిది చెయ్యి కంచంలోనే ఆగింది. వదినవైపు చూశాడు. "గీత కదల్లేదా?"

"నువ్వు వరసలు చూస్తున్నావు. నేను గీతనే చూస్తూ కూర్చున్నాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

అతను చెయ్యి కడుక్కుని గదిలోకి పోయాడు. తలుపు వేసుకోలేదు. వాళ్ళిద్దరికీ అతని వీపు కనిపిస్తూనే ఉంది. ఏ వరసా లేని ఖాళీ పాట ఒకటి తెరిచాడు. గీత పచ్చగా, పొట్టిగా ఉంది. వయొలిన్ల వరస ఒక్కటి చేర్చాడు. గీత పాకింది, పాకింది, పాకి ఎర్రబడి ఆగింది. ఒక్క స్వరం కూడా ఇంకా వాయించలేదు. ఆ ఒక్క వరస వెనక ఓ వాద్యబృందం మొత్తం ఉంది: మెల్లిగా తీసిన కమాను, గట్టిగా తీసినది, వణికినది, గెంతినది, ప్రతి స్వరానికీ అన్నీ. పాటకు కావలసినవీ అక్కర్లేనివీ మూటలుగా మెమరీలోకి దిగి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. అతను దాన్ని తీసేసి తన గొంతే అప్పటికప్పుడు పాడి చేర్చాడు, ఒకటి, రెండు, ఆరు వరసలు. గీత ఉన్నచోటే ఉంది. గొంతులు డిస్కులోంచి వస్తాయి, వినపడతాయి, వెళ్ళిపోతాయి. కూర్చోవు.

చాలాసేపటికి వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు.

"వదినా."

"ఊఁ."

"నువ్వు కాదు."

"తెలుసు."

"అన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా... ఇంక తిరిగి రావు."

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉంది. మొదటిసారి తప్పింది. దారం కొస తడిచేసి మళ్ళీ ఎక్కించింది. "బాధపడకు. వయొలిన్లను ఎలాగో సర్దుకో."

"సర్దొచ్చు. వాటిని మామూలు రికార్డింగుగా మార్చి మూటలు దింపేస్తే చిటుకులు పోతాయి. నేనడగడానికి వచ్చింది అది కాదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ పాడతావా?"

"రేపు సాయంత్రానికి ఈ మూటంతా ఇవ్వాలి. నువ్వు పాడమన్నప్పుడల్లా మిషను ఆపాను. నువ్వు తీస్తానన్నప్పుడు కూడా మిషను ఆపే వచ్చి కూర్చున్నాను. ఇంక ఆపడానికి నాకు పొద్దు లేదు."

కోపంగా అనలేదు. టేపుతో కొలిచి చెప్పినట్టు చెప్పింది. అతను వంగి, ఆమె పక్కనున్న గుండీల డబ్బా అందుకున్నాడు. చాపమీద కూలబడి చొక్కా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నాలుగు రంధ్రాల గుండీ. అడ్డంగానా, నిలువుగానా?"

"అడ్డంగా. ముడి లోపలికి రావాలి. వేలు పొడుచుకుని తెల్లచొక్కాకు బొట్టు పెట్టకు."

"నేనూ కుట్టనా?" అన్నాడు అన్నయ్య.

"మీ గ్రీజు చేతులతో వాటి జోలికి వచ్చారంటే చూడండి! కుట్టినవి లెక్కపెట్టి మడవండి. అది కూడా పాతగుడ్డ చేతికి చుట్టుకుని."

గురువారం మధ్యాహ్నానికి మూట కట్టేశారు. మరిది గుండీల్లో కొన్ని మళ్ళీ కుట్టాల్సి వచ్చినా ఆమె అతనికి చెప్పలేదు. గాజులు తీసి బల్లమీద పెట్టింది. అతను ఫ్యాను ఆపి, అలవాటుగా చేతిరుమాలు అందించాడు. ఆమె దాన్ని మడిచి గాజుల పక్కన పెట్టింది.

"ఈసారి గొంతులు మార్చను."

"ఒకే మనిషని తెలిసిపోతుందేమో వదినా."

"తెలిస్తే తెలియనీ. ఉన్నది నేనొక్కదాన్నే కదా. నిలబడే చోటు మారుస్తాను, అంతవరకే."

అతను దారి చూపడానికి ఒక సన్నని శ్రుతి పెట్టుకున్నాడు. ఆమె బీరువా దగ్గర పాడింది. కిటికీ బొంత దగ్గర పాడింది. మంచం అంచున కూర్చుని, గుమ్మానికి ఆనుకుని, మైకుకు వీపు తిప్పి గోడకు పాడింది. పాదాలు అవే రెండు. ఒక్కోసారి ఒక్కో మాట మీద నిలిచింది. 'కాళ్ళకు' అన్నచోట ఒకసారి అలసట దొరికింది, 'ఇల్లు' అన్నచోట ఇంకోసారి తొందర. వేషాలతో తెచ్చిపెట్టుకున్నవన్నీ ఇప్పుడు తమంతట అవే వచ్చి నిలబడుతున్నాయి. అతను వరసలకు పేర్లు పెట్టలేదు, అంకెలు వేసుకున్నాడు.

అయ్యాక అన్నీ కలిపి వినిపించాడు. శ్రుతి తప్ప వెనక ఏమీ లేదు. ఒక్క చిటుకు లేదు.

"ఇంక వయొలిన్లు పెట్టెయ్యి మరి," అంది ఆమె.

అతని వేలు మీట మీదికి వెళ్ళింది, అక్కడే కాసేపు ఆగింది, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"పెద్దగా ఉండాలన్నారు కదా మేడమ్?" అంది ఆమె.

"అదే చూస్తున్నాను," అన్నాడు. "దీనికన్నా పెద్దగా ఎలా ఉంటుందా అని."

పాట అలాగే పంపేశాడు. పంపాక మాత్రం అతని గుండె నిలవలేదు. శుక్రవారం పొద్దున బడికి సెలవు పెట్టి ఫోను బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. అది మోగేసరికి ఎత్తబోతుంటే, వేలు తగిలి స్పీకరులో పడింది.

"వయొలిన్లు ఏమయ్యాయి బాబూ?" దర్శకురాలి గొంతు ఇల్లంతా వినిపించింది. "మొదట పంపిన ముక్కలో ఉన్నాయిగా?"

మిషను ఆగింది. గడ్డం గీసుకుంటున్న అన్నయ్య నురగతోనే గుమ్మంలోకి వచ్చాడు.

"తీసేశానండి. మీకు కావాలంటే మళ్ళీ..."

"వద్దు వద్దు, ముట్టుకోకండి. పొద్దుటినుంచి నాలుగుసార్లు విన్నాం. మా ఎడిటరు కళ్ళు తుడుచుకుని, ఏసీ గాలికి అని అబద్ధం చెప్పాడు. ఇంతకీ అంతమంది అక్కచెల్లెళ్ళను ఎక్కడ పట్టారు? అందరిదీ ఒకటే పోలిక గొంతు!"

మరిది ఫోనును కొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"మీరు పంపిన కాగితంలో 'బృందం' అని ఉంది. అదేం బాగాలేదు. ఇంత పాడి బృందంలో కలిసిపోతారా? అందరి పేర్లూ ఇవ్వండి. ఎంత పెద్ద జాబితా అయినా సరే, వేస్తాను."

"జాబితా లేదండి. అంతా ఒక్కరే."

"ఏమిటీ?"

"అన్ని గొంతులూ ఒక్కరివే. మా వదినవి."

అటువైపు పెద్ద నవ్వు. "మీకు వదిన బాబూ! తెరమీద 'వదిన' అని వేస్తే చూసినవాళ్ళందరికీ వదిన అయిపోతుంది పాపం. పేరు చెప్పండి, రాసుకుంటున్నాను."

అతను నోరు తెరిచాడు. పెళ్ళిపీటల మీద ఆమెను చూసిన నాటినుంచి ఆ పేరు అతనికి తెలుసు. నాలుక మీదికి మాత్రం ఏనాడూ రాలేదు. వదినను పేరు పెట్టి పిలిచే అలవాటు ఆ ఇంట్లో ఎవరికుంది? అన్నయ్యవైపు చూశాడు. అన్నయ్యకు 'ఏమోయ్' తప్ప ఇంకో పిలుపు తెలియదు. నురగ కారుతున్న గడ్డంతో అతను భార్యవైపు చూశాడు.

ఆమె కూడా ఎదురుచూస్తోంది, వాళ్ళలో ఎవరో ఒకరు చెప్తారని. ఇద్దరూ తన మొహంకేసి చూస్తున్నారని అర్థమయ్యాక, చేతిలోని సూది దిండుకు గుచ్చి, ఒళ్ళో దారపు ముక్కలు దులుపుకుని లేచింది. గదిలోకి వచ్చి బల్లమీదికి వంగింది. ఎవరూ వేలెత్తలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కొళాయి కారుతూనే ఉంది.

"రాసుకోండి," అంది. "మందాకిని."